'ఆరో పల్లకి'పై నుస్రత్ మాట

గోదావరిఖని,
18 నవంబరు 2024.

గౌరవనీయులైన రచయిత్రి ఇందుకళ గారికి,

చాంద్ పాషా అనే పాఠకుడు సలాముతో రాస్తున్న ఉత్తరం. మీరు, మీ ఇంటివారు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నేను ఇక్కడ మోటారు సైకిళ్ళ మెకానిక్‌ను. మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగిన గని కార్మికులు బండ్లు తెచ్చి నా షెడ్డు ముందు నిలబెడతారు. అంతకుముందే ఇంటికి వెళ్ళి, అన్నం తిని, మీ నవల ఒక అధ్యాయం చదివి వస్తాను. చదివేది నేను, వినేది నా భార్య నుస్రత్ బేగం. ఆమెది బెల్లంపల్లి. నాలుగో తరగతితో చదువు ఆగింది. అక్షరాలు కూడబలుక్కుంటే కథ చల్లారిపోతుందని నా చేత చదివిస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం గాని, మీ పుస్తకాల మీద కొట్లాట మాత్రం తెలుగులోనే.

'పచ్చరాయి ఉంగరం'లో యువరాజు దేశముఖు కూతురిని కిటికీలో ఒక్కసారి చూసి రాజ్యం వదులుకుంటాడు. అది నుస్రత్‌కు నచ్చలేదు. "ఒక్కపారి చూస్తే ఏం ఎరుకైతది జీ? ఆమెకు కోపమొస్తే ఎట్లుంటదో చూసిండా?" అని నన్నే నిలదీసింది. నాకు ఆ అధ్యాయం ప్రాణం. ఆ మాటే అంటే, నా బుద్ధి కూడా ఆ యువరాజు బుద్ధేనంది.

'గుర్రాల సరాయి' ఇద్దరికీ ఇష్టం. గుర్రాల వైద్యుడి కూతురు సుల్తాను ఇచ్చిన హారం వెనక్కిచ్చి, తన గుర్రాన్ని తోలుకుని కోట దాటి వెళ్ళే చోట నుస్రత్ చప్పట్లు కొట్టింది. పక్కింటి కనకవ్వ ఏమైందోనని వస్తే, ఆమెనూ కూర్చోబెట్టి ఆ పేజీలు మళ్ళీ చదివించింది. అయితే మీ అంతఃపురాల్లో అందరూ తింటారు గాని ఎవరూ వండరని ఆమె ఫిర్యాదు. "గన్ని విందులు రాసింది, ఒక్కదాని చేతులకైన మసి అంటినట్టు రాసిందా?" అంటుంది.

ఇక కొత్త నవల 'ఆరో పల్లకి'. ఆరో పల్లకిలో వస్తానన్న సేనాపతి కోసం రత్నాంగి ఎదురుచూస్తుంటే, అతను రాజు మాట కాదనలేక వేరే పెళ్ళి చేసుకుంటాడు. ఏళ్ళ తర్వాత గాయాలతో, కాలినడకన వచ్చి తలుపు తడితే ఆమె క్షమించి లోపలికి రానిస్తుంది. ఈ ముగింపు నుస్రత్‌కు నచ్చింది. రత్నాంగి పెద్ద మనసు చేసుకున్నదని, అట్లనే ఉండాలని అంది.

మా దగ్గర పెద్ద వార్తలేమీ లేవు. వానలు తగ్గాయి. ఓపెన్‌కాస్టు గని దుమ్ము మళ్ళీ మొదలైంది. షెడ్డు పొద్దున తెరుస్తున్నాను, సాయంత్రం మూస్తున్నాను. అన్నం కనకవ్వ పంపిస్తున్నది. తింటున్నాను.

మీరు ఆరోగ్యంగా ఉండి ఇంకా ఎన్నో రాయాలని కోరుతూ,

మీ పాఠకుడు,
చాంద్ పాషా

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ముగింపు గురించి రాసిన మాట నుస్రత్‌ది కాదు. నేనే కల్పించాను.

సెప్టెంబరులో జ్వరం తగ్గక ఆమెను దవాఖానలో చేర్చాం. మంచం పక్కన కూర్చుని చదువుతుంటే, సేనాపతి పెళ్ళి కబురు రత్నాంగికి అందే చోట నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇగ సాలు జీ. మిగిలింది ఇంటికి పోయినంక సదువుదువుగని. వాని మీద నాకు మస్తు కోపమున్నది. గిక్కడ గట్టిగ తిడితే బాగుండది" అంది.

ఆమె ఇంటికి రాలేదు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కూడా అయిపోయింది. నేను ఏడవలేదని చుట్టాలు తమలో తాము అనుకున్నారు. మిగిలిన అధ్యాయాలు మధ్యాహ్నాలు పైకే చదివాను. చివరి వాక్యం అయ్యాక, ఆమె ఏమంటుందోనని కూర్చున్నాను. షెడ్డుకు వెళ్ళే వేళ దాటిపోయింది.

రత్నాంగి తలుపు తీయాల్సిందేనా? నుస్రత్ అవునంటే కాదనడం, కాదంటే అవుననడం నా అలవాటు. ఇప్పుడు నాకు ఏదీ అనిపించడం లేదు. రాసినవారు మీరు. బాగుందో లేదో మీరే చెప్పండి.