సులైబియాలో స్వెట్టర్ తోట

సులైబియా, శుక్రవారం

మా చిట్టి వాళ్లమ్మ రెడ్డెమ్మకు, రామాంజులు రాసేది.

ద్రాక్ష షెడ్డులో ఫోను పలకదు, నీ ఫోనేమో నువ్వు పనిచేసే ఇంటి యజమానురాలు మామా బీరువాలో ఉంటుంది. అందుకే కూరగాయల వ్యాను సత్యప్రసాద్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా.

నాకు వీసా ఇచ్చిన కఫీల్ అబూ సాలెం, ఆయన కొడుకులు కొండదేశం నుంచి తెచ్చి నాటిన నాలుగు ద్రాక్షతీగలు మూడేళ్లలో నలభై వరసలయ్యాయి. బయట ఎండకు చెప్పులు కరుగుతుంటే లోపల కూలర్ల కింద నేను స్వెట్టర్‌తో తిరుగుతున్నా. కానీ కాయకు తీపి పట్టడం లేదు. "ఈ కాపూ పులుపైతే షెడ్డు ఖలాస్, నీకు టికెట్" అన్నాడు పెద్దాయన. నేను పోతే నువ్వు ఇక్కడ ఒక్కదానివే అయిపోతావు. ఆ దిగులుతో నిద్ర లేదు.

కాయకు వెలుతురు తగలాలని రోజూ లేతాకు గిల్లి దొడ్డిలో మేకలకు వేస్తున్నా. పుల్లకాయలు నలిపి పది కుండల్లో పోసి గుడ్డ కట్టా. ఎవరికీ చెప్పకు.

చలికి వణుకుతూ, రామాంజులు

తా.క. మేకలు బాగా బలిశాయి. నన్ను చూస్తే చాలు, పరిగెత్తుకొస్తాయి.

ఫింటాస్, ఆదివారం

చిట్టి నాయనకు, రెడ్డెమ్మ రాసేది.

సత్యప్రసాద్ అంతా చెప్పాడు. "అక్కా, కుండలు నురగలు పొంగతా ఉండాయి, వాసన వ్యాను కాడికొస్తా ఉండాది" అన్నాడు. ఈ అరబ్బు దేశంలో సారా కాస్తే ఏమవుతుందో తెలీదా నీకు? కఫీల్ దాకా ఎందుకు, పోలీసులే విమానం ఎక్కిస్తారు. వెంటనే ఇసకలో పారబొయ్యి.

నా బాధలు నాకు చాలు. మామాకు చుట్టాలొచ్చారు. సీసాలో వచ్చే ఉప్పు ఆకులు కడిగి, అన్నం పెట్టి, వేలంత చుట్టలు చుట్టాలి. అవి ఏ చెట్టు ఆకులో దేవుడికే తెలియాలి. నిన్న మూడు వందలు చుట్టా. ముదురాకు చిరిగిపోతుంది, తిట్లు నాకు పడతాయి.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, రెడ్డెమ్మ

తా.క. నిజం చెప్పు, ఎంత తాగావు? నీ అక్షరాలు వంకరగా ఉన్నాయి.

సులైబియా, మంగళవారం

రెడ్డెమ్మకు,

అక్షరాల వంకర చలికి వచ్చింది. అది సారా కాదు, వెనిగర్. పుల్లబడేదాకా అట్లాగే పొంగుతుంది. పెద్దాయనకు అదైనా చూపిస్తే షెడ్డు నిలుస్తుందేమోనని నా ఆశ. పారబొయ్యను. నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

నీ మీద అలిగి, రామాంజులు

తా.క. రుచి చూద్దామని ఒక గరిటె తాగిన మాట నిజం. రెండు.

ఫింటాస్, బుధవారం

చిట్టి నాయనకు,

రెండు గరిటెలు అని చదివి ఏడుస్తుంటే మామా చూసింది. నాకు అబద్ధం చెప్పడం రాదు, మొత్తం చెప్పేశా. ఆమె తమ్ముడు పోలీసు. ఇద్దరూ శుక్రవారం మీ షెడ్డుకు వస్తున్నారు. నా నోరు పడిపోను. సంచి సర్దుకో.

నీ పాపిష్టి పెళ్లాం

తా.క. స్వెట్టర్ సర్దుకోకు. మన రాజంపేటలో పనికిరాదు.

సులైబియా, శనివారం

రెడ్డెమ్మకు,

వచ్చారు. పోలీసాయన గుడ్డ విప్పి గట్టిగా వాసన పీల్చాడు. దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుని, "సలాడ్‌లోకి బాగుంటుంది" అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపు దొడ్డి దగ్గర మీ మామా కేక.

పరిగెత్తి చూస్తే, ఆమె ఒక మేక నోట్లోంచి ద్రాక్షాకు లాక్కుంటోంది. మేక వదలడం లేదు. "ఇంత లేతాకు మేకలకా? నేను సీసాల్లో కొనుక్కుంటా ఉండేది ఇదే" అని అబూ సాలెంను తిట్టింది. పెద్దాయన వంటింటి మొహం చూసినవాడు కాదు, కాయ మీదే ధ్యాస. తనూ ఒక లేతాకు తెంపి నమిలి చూశాడు.

నువ్వు చుట్టేది ద్రాక్షాకే, రెడ్డెమ్మా! మూడేళ్లుగా ముదురాకుతో నువ్వు తిట్లు తిన్నావు, ఇక్కడ లేతాకు మేకలు తిన్నాయి.

షెడ్డు ఖలాస్ కాలేదు. ఆకు అమ్మడం కోసమే ఇంకో పది వరసలు వేస్తున్నారు. ఎంత లేతాకు తెంపాలో నాకు చూపించడానికి ప్రతి శుక్రవారం నిన్ను పంపుతానంది మీ మామా. అది విని నాకు ఏడుపొచ్చింది.

నీ దారి చూస్తూ, రామాంజులు

తా.క. నీకూ ఒక స్వెట్టర్ అడిగి పెట్టా. దొడ్డివైపు నుంచి మాత్రం రావద్దు. మేకలకు ఇదంతా నీ ఉత్తరాల వల్లేనని తెలిసిపోయింది.