డ్రైవరు ఫెలిష్మీనా గారి పద్నాలుగు నిమిషాలు

నగర రవాణా అధికారి గారి సముఖమునకు,
లిస్బన్.

అయ్యా,

విషయం: ట్రామ్ డ్రైవరు శ్రీమతి ఫెలిష్మీనా గారికి ఇచ్చిన సంజాయిషీ నోటీసును రద్దు చేయుట గురించి.

బెల్మీరో తవరేలా అను నేను, వయస్సు డెబ్బై ఒకటి, నదికి దక్షిణపు ఒడ్డున ఓడల యార్డులో వెల్డరుగా చేసి రిటైరైనవాడిని, తమకు మనవి చేసుకొనునదేమనగా:

1. గత శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు గ్రాసా కొండ మీది రిజిస్ట్రారు ఆఫీసులో నా వివాహం జరగవలసి ఉండెను. వధువు శ్రీమతి ఇదాలీనా, దర్జీ పని, వయస్సు అరవై తొమ్మిది. పదకొండున్నరలోగా వరుడు హాజరై తంతు మొదలు కానిచో వివాహం రద్దగును. మరల తేదీ ఐదు వారాల తరువాత గాని దొరకదు.

2. ఇది మాకు రెండో ప్రయత్నం. నలభై ఆరేళ్ళ కిందట ఇదే ఇదాలీనాతో నాకు పెళ్ళి కావలసిన రోజున పొగమంచుకు పడవలు ఆగిపోయినవి. వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. వాళ్ళమ్మ కేకు కోసి చుట్టాలకు పంచిపెట్టి, తలుపు వేసేసుకుంది. తరువాత ఆమెకు వేరే పెళ్ళైంది, నాకూ అయింది. ఇద్దరం మంచివాళ్ళతోనే బతికాం, ఇద్దరం వాళ్ళను పోగొట్టుకున్నాం. రెండేళ్ళ కిందట చేపల బజారులో ఎదురుపడ్డాం. ఈసారి ఆమె ముందే చెప్పింది: "చూడు బెల్మీరో, ఇంకోసారి నన్ను గుమ్మంలో నిలబెట్టావో, నీ మొహం చూడను. ఈదుకుంటూ వస్తావో ఎలా వస్తావో నాకనవసరం."

3. కావున ఎనిమిది గంటలకే రేవు చేరితిని. ఆ రోజూ పొగమంచే. రెండు పడవలు రాలేదు, మూడోది వచ్చింది. అవతల మెట్రో ఎక్కి దిగగా, పైకి తీసుకువచ్చే కదిలే మెట్లు కదలడం మానివేసి ఉన్నవి. కొత్త బూట్లతో నూట ముప్పై మెట్లు ఎక్కాను. వీధిలో ఆటో పిలిస్తే, "ఊరు చూడ్డానికైతే ఎక్కండి. మూడు చర్చీలు, ఒక కోట. ఊరికే కొండెక్కించడం మా పని కాదు," అన్నాడు. ఆ చర్చీల్లో ఒకదానిలోనే నాకు బాప్తిస్మం అయిందని చెప్పినా వినలేదు. ఇక ట్రామ్ కోసం, ఫోటోలు తీసుకుంటున్న విదేశీయుల వరుసలో చివర నిలబడ్డాను.

4. ఆ ట్రామ్ నడుపుతున్నది ఫెలిష్మీనా గారు. నా నల్లకోటు, చేతిలో పువ్వులు చూసి మెల్లగా అడిగింది.

"ఎవరైనా పోయారా, పెద్దాయనా?"

"లేదమ్మా. పెళ్ళి."

"ఎవరిది?"

"నాదే."

ఆమె నన్ను తన సీటు పక్కనే నిలబెట్టుకుంది.

5. పదకొండూ ఇరవైకి రిజిస్ట్రారు ఆఫీసు ముందుకే వచ్చి ట్రామ్ ఆగింది. పట్టాలకు అడ్డంగా ఒక నీలం కారు. ఎంత గంట కొట్టినా ఎవరూ రాలేదు. ఫెలిష్మీనా గారు దిగి లోపలికి వెళ్ళింది, వెనకే నేను. గుమ్మంలో ఇదాలీనా. వాచీ చూసింది.

"నలభై ఆరేళ్ళూ, ఇరవై రెండు నిమిషాలూ," అన్నది.

"బయట ఆ నీలం కారెవరిదండీ?" అని ఫెలిష్మీనా గారు అడిగితే, రిజిస్ట్రారు సెర్కేయిరా గారే చెయ్యెత్తాడు.

"నాదేనమ్మా. తీస్తాను. కానీ ఈ కొండ మీద ఇంకో చోటు దొరికి, నేను తిరిగొచ్చేసరికి పదకొండున్నర దాటుతుంది. వీళ్ళ పెళ్ళి ఈ రోజుకి లేనట్టే."

"తాళాలివ్వండి, ఇంకెవరైనా తీస్తారు."

"దాని బ్రేకు నా కాలికి తప్ప పడదు. ఇదేమో కొండ."

6. ఫెలిష్మీనా గారు తానుగా ఏ నిర్ణయమూ తీసుకోలేదని తమరు గమనించ ప్రార్థన. బయటికి వెళ్ళి, మెట్ల మీద నిలబడి, ట్రామ్‌లోని ముప్పై ఎనిమిది మందినీ అడిగింది: "ముందు కారు తీయిస్తే ఈయన పెళ్ళి ఆగిపోతుంది. ముందు పెళ్ళి చేయిస్తే మీకు ఆలస్యమవుతుంది. ఏం చెయ్యమంటారు?"

క్యాబేజీ సంచీతో కూర్చున్న జుల్మీరా అనే పెద్దావిడ అన్నది: "నేను పళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నా. ఎంత ఆలస్యమైతే అంత మంచిది. కానివ్వండి."

ఎవరూ కాదనలేదు. విదేశీయులకు విషయం అర్థమయ్యాక వాళ్ళే అందరికంటే ముందు దిగారు.

7. రావలసిన మా సాక్షి ఇంకా రేవులోనే ఉన్నందున ఫెలిష్మీనా గారే సంతకం చేసింది. తొందరలో నా పేరులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇదాలీనా నా మణికట్టు పట్టుకుని, "మెల్లగా రాయి, ఇప్పుడెక్కడికీ పోనవసరం లేదుగా," అన్నది. కిటికీల నిండా ప్రయాణికులే. పదకొండూ ముప్పై నాలుగుకు కారు తీశారు, ట్రామ్ కదిలింది. కార్లను లాగే బండి కోసం కబురు పెడితే నలభై నిమిషాలకు తక్కువ పట్టేది కాదు. ఆ లెక్కన ఆమె తమ శాఖకు ఇరవై ఆరు నిమిషాలు మిగిల్చినది.

8. నిన్న ట్రామ్‌లో ఆమెను కలిస్తే నోటీసు చూపించింది. "విధి నిర్వహణలో ఉండగా బండి విడిచి వెళ్ళుట" అని ఉన్నది. "పోనీలెండి పెద్దాయనా, నా సర్వీసులో బండి కదలనప్పుడు అందరూ నవ్వుతూ ఉన్నది ఆ ఒక్కసారే," అన్నది. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

కావున తమరు దయతో (అ) నోటీసు రద్దు చేయించవలెను. (ఆ) ఆ ఆఫీసు ముందు కార్లు నిలపరాదని గీత గీయించవలెను. (ఇ) కొండ మీది ట్రాములను మరింత తరచుగా నడిపించవలెను. సాక్షిగా నన్ను పిలిస్తే వస్తాను. మా ఆవిడ కూడా వస్తుంది.

ఇట్లు చిత్తగించి, మా మనవి ఆలకించవలెనని కోరు,

తమ విధేయుడు,
బెల్మీరో తవరేలా

తా.క.: ఈ అర్జీ స్వయంగా ఇద్దామని కొండ మీది ఇదాలీనా ఇంటి నుంచి ఇద్దరం బయలుదేరి, ట్రామ్ కోసం నలభై నిమిషాలు నిలబడి, చివరికి కొండ దిగి నడిచే వచ్చాం. దారిలో రెండుచోట్ల కూర్చున్నాం. వేయించిన చెస్ట్‌నట్ గింజలు కొనుక్కున్నాం. మెట్లు వచ్చినచోటల్లా ఇదాలీనా నా చెయ్యి పట్టుకుంది. నోటీసు సంగతి వెంటనే చూడండి. (ఇ) విషయంలో మాత్రం తమరికి తొందరేమీ లేదు.