ఎడమ చెంప

తియోస్ నుంచి

ప్రియమైన థ్రాసోన్‌కి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, మురిసిపోకు. పడవ నడిపే మొస్ఖోస్ నువ్వు పనికి వెళ్లిన కల్లిథేరా నుంచి వచ్చాడు. నువ్వు అచ్చు చెక్కిన కొత్త కంచు నాణెం ఒకటి, అందరిలాగే చిల్లర దాచుకునే బుగ్గలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. కోటగోడలా ఉన్న కిరీటం పెట్టుకున్న నగరదేవత. ముఖం మాత్రం నాది. పక్కింటివాళ్లు కూడా గుర్తుపట్టారు. నన్నొక్క మాట అడగకుండా ఆ ఊరి జనం బుగ్గల్లోకి తోశావు. చేపలమ్మేవాడు కూడా నన్ను చప్పరిస్తున్నాడట. సిగ్గు లేదా నీకు?

నికారెతే

కల్లిథేరా నుంచి

నా నికాకు,

కోప్పడకు. దేవత ముఖం చెక్కమని నగర సభవాళ్లు చెబితే కళ్లు మూసుకున్నాను, నువ్వే కనిపించావు. నేనేం చేయను? ఇక్కడి ఆడవాళ్లు నాణెం చూసి జుట్టు నీలాగే ముడేస్తున్నారు. అంత అందంగా ఉన్నావు. చలికాలం లోపు ఇంటికి వస్తాను. నాకు ఎండు అత్తిపళ్లు దాచి ఉంచు.

నీ థ్రాసోన్

తియోస్ నుంచి

థ్రాసోన్‌కి,

నేను పంపిన పలక మీదే మైనం చదునుచేసి, నా రాత చెరిపి జవాబు రాశావు. దాంతోపాటు నా కోపం కూడా చెరిగిపోయిందనుకున్నావేమో.

అందంగా ఉన్నానా? నాణెం మళ్లీ చూశాను. దేవత కుడికి తిరిగి ఉంది. కుడి చెంపే కనిపిస్తోంది, నున్నగా. ఎడమ చెంప ఏమైంది? నీ కొలిమి దగ్గర మూస పట్టుకున్నది నేను. నీ చెయ్యి వణికితే కంచు చిందింది నా ముఖం మీద. "మచ్చ ఉంటేనేం, నువ్వు నువ్వేనే" అన్నావు ఆ రోజు. అంతా అబద్ధం. దాన్ని చూడ్డానికి నీకే అసహ్యమైతే నాకు మొగుడెందుకు? అత్తిపళ్లు మేకకు పెట్టేశాను. ఇంటికి రాకు.

నికారెతే

కల్లిథేరా నుంచి

నికా,

నాణేల మీద తలలు కుడికే తిరుగుతాయి, అది ఆచారం అని రాయబోయి ఆగాను. అసహ్యం కాదే. ఆ మచ్చ చూస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కొత్త అచ్చు చెక్కాను. దేవతను ఎడమకు తిప్పాను. చెవి కింద నుంచి దవడ దాకా మచ్చ, ఉన్నదున్నట్టు. రెండు బుట్టల నాణేలు కొట్టాక గాని సభ పెద్ద చూడలేదు. అచ్చు పగిలిందనుకున్నాడు. పగల్లేదు, మా ఆవిడ అలాగే ఉంటుంది అన్నాను. దేవతకు మచ్చేమిటి, చెరిపెయ్ అన్నాడు.

"అచ్చు మీది. ముఖం మీది కాదు" అన్నాను.

పని పోయింది. ఆ నాణేలన్నీ కరిగించేశారు. ఒక్కటి బుగ్గన దాచి తెచ్చి మొస్ఖోస్ చేత పంపుతున్నాను. రమ్మంటే వస్తాను.

థ్రాసోన్

తియోస్ నుంచి

ప్రియమైన మొండివాడా,

చలికాలం ముంచుకొస్తోంది, కుండలో బార్లీ అడుగంటింది. ఇప్పుడా నువ్వు పని పోగొట్టుకునేది? ఆ సభ పెద్ద మూతి మీద కూడా కాస్త కంచు చిందితే బాగుండును.

నాణెం అందింది. నీ మీద మంటతో దాన్ని పెట్టి ఉల్లిపాయలు కొనేద్దామని బజారుకు వెళ్లాను. కొట్టువాడు తిప్పి చూసి, పరాయి ఊరి కంచుకు ఇక్కడ ఒక్క ఉల్లిపాయ కూడా రాదమ్మా అన్నాడు. తర్వాత నా చెంప చూశాడు. మళ్లీ నాణెం చూశాడు. రెండు చేతులతో దాన్ని నాకు తిరిగి ఇచ్చాడు.

ఇక్కడ దీన్ని నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోరు. అదే మంచిది. ఎడమ బుగ్గన పెట్టుకున్నాను, ఇది రాస్తున్నప్పుడు కూడా అక్కడే ఉంది.

బయల్దేరు. అత్తిపళ్లు మాత్రం అడక్కు, నిజంగానే మేక తినేసింది.

నీ నికా