ఆ రోజు డేటా ఎటు పోయింది

కంఠేశ్వర్, నిజామాబాద్
21 జూలై 2025

రుద్రూర్‌లో ఉన్న భాగ్యక్కకు అఖిల నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, మీ అవ్వ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను.

ఆ రోజు ముత్తవ్వ డేటా ఎటు పోయింది? మూడేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. బోధన్ బస్సులో కూర్చున్నా అదే, క్లాసులో పాఠం చెబుతున్నా అదే. నువ్వు నా ఫోను ఎత్తవు కనుక కాగితం పట్టాను. చింపేయకు అక్కా. జవాబు దొరికింది. రాస్తుంటే చేయి ఆగడం లేదు.

నీకు తెలిసిన సంగతే మొదట చెప్తాను, ఎందుకంటే ఇప్పుడది వేరేగా కనిపిస్తోంది. మా వరండాలో బీడీలు చేసే మీ ఆరుగురిలో నెలకొకరే నెట్ ప్యాక్ వేయించుకునేవారు. మిగతావాళ్ళది మాట్లాడుకునే రీఛార్జే. వంతు వచ్చినావిడ హాట్‌స్పాట్ పెడితే అందరి ఫోన్లూ దానికే కలిసేవి. ఆ నెల వంతు ముత్తవ్వది. మస్కట్‌లో ఆమె మనవరాలికి పేరు పెడుతున్నారు, పదకొండున్నరకు వీడియో కాల్. అప్పటిదాకా ఎవరూ ఏమీ చూడొద్దని ఒట్టు పెట్టుకున్నారు. పదకొండుంబావుకే ఆ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. నేను దుకాణానికి ఉరికి రీఛార్జ్ చేయించేసరికి అక్కడ పేరు పెట్టేశారు. ముత్తవ్వ తునికాకు ముందేసుకుని ఏడ్చింది.

అప్పుడు తన ఫోను చేతిలో పట్టుకుని కనిపించింది నువ్వొక్కదానివే. "టైం జూసిన, అంతే" అన్నావు. "భాగ్యక్కా, ఫోన్ నీ చేతిలనే ఉండె గద" అన్నాను నేను. చదువుకున్నదాన్ని అన్నానని అందరూ నమ్మారు, ముత్తవ్వ నిన్ను దొంగ అంది. మర్నాడు నీ బీడీల చాట వరండాలో లేదు. రుద్రూర్‌లో చెరకు కలుపుకు పోతున్నావని తర్వాత విన్నాను.

ఇక అసలు సంగతి. మొన్న శుక్రవారం కాలేజీలో మార్కులు ఎక్కించాలి. నా డేటా అయిపోయింది. తోటి లెక్చరర్ మధుకర్ హాట్‌స్పాట్‌కు నా ఫోను కలిపాను. పావుగంటలో ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడం, నేను ఒక్క పాటన్న వినలె, మీ ఫోను నా నెట్టంత తాగింది" అన్నాడు. మార్కులు తప్ప నేనేమీ తెరవలేదన్నాను. ఆయన నవ్వి, "మీరు తెరవకున్నా గదే తెరుసుకుంటది. హాట్‌స్పాట్‌ను ఫోను వైఫై అనుకుంటది. వైఫై అంటె ఫికర్ లేదు గద, ఫొటోలు ఆన్‌లైన్ల దాచనీకి ఎక్కిస్తది, యాప్‌లు కొత్తవి దించుకుంటది" అన్నాడు.

అక్కా, నాకు వెంటనే ఆ రోజు మన వరండా గుర్తొచ్చింది. బస్సులో వస్తూ ఇద్దరు ముగ్గురికి చెప్పేశాను కూడా, తెలియని వాళ్ళకే.

నిన్న ఆదివారం వరండాలో పరీక్ష పెట్టాను. ఈ నెల వంతు సాయవ్వది. ఆమె హాట్‌స్పాట్‌కు అన్ని ఫోన్లూ కలిపి, చాప మీద వరసగా పెట్టి, ఎవరూ ముట్టొద్దన్నాను. ఇరవై నిమిషాల్లో సాయవ్వ ఫోనులో లెక్క పెరుగుతూనే ఉంది. "ముట్టకుంటనే తింటున్నయా? అచ్చం మా ఇంటాయన లెక్కనే" అంది సాయవ్వ. అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత ఒక్కో ఫోనులో వైఫై పేరు నొక్కి, అందులో మీటర్డ్ అని ఉన్నదాన్ని ఎంచాను. అంటే ఇది లెక్క ఉన్న నెట్, జాగ్రత్తగా వాడమని ఫోనుకు చెప్పడం. యాప్‌లు వాటంతట అవి మారకుండా ఆపాను. మళ్ళీ ఇరవై నిమిషాలు చూశాం. లెక్క దాదాపు కదల్లేదు.

నవ్వులు అక్కడే ఆగాయి. అందరికీ నువ్వే గుర్తొచ్చావు. చివరికి ముత్తవ్వే, "గా పిల్లను దొంగ అన్న నోరు నాది. ఏం మొఖం వెట్టుకొని పిలుస్త? నువ్వే రాయి బిడ్డా, నా పక్కకే జాగ ఉంచుత అని రాయి" అంది. అందుకే రాస్తున్నాను. నీ తప్పు లేదని ఇప్పుడు అందరికీ తెలుసు. గోడవార నీ చోటు ఊడ్చి ఉంచాం. రా అక్కా.

నీ రాక కోసం చూస్తూ,
అఖిల

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. "అందరి ఫోన్లూ తలా ఇంత తిన్నాయి" అని వాళ్ళకు చెప్పాను. అది సగమే నిజం. వాళ్ళ ఫోన్లలో ఫొటోలెన్ని ఉంటాయి? ఆ రోజు నా రీఛార్జ్ ముగిసిపోయి, ముత్తవ్వను అడగకుండానే లోపల గదిలోంచి నా ఫోను ఆమె హాట్‌స్పాట్‌కు కలుపుకున్నాను. అందులో కాలేజీ పిల్లలతో కందకుర్తి పోయినప్పటి ఫొటోలు మూడు వందల పైన ఉన్నాయి. పదకొండు దాటాక అవన్నీ ఎక్కడం పూర్తయిందని నా ఫోను చూపించింది. చదివి, వేలితో పక్కకు తోసేశాను. ఆ తర్వాతే నీ పేరెత్తాను. నువ్వొచ్చినా రాకపోయినా ఈ మాట వరండాలో అందరి ముందూ చెప్తాను, అది నిశ్చయం. నాకప్పుడు నిజంగా అర్థం కాలేదా, అర్థమై ఊరుకున్నానా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.