అమ్మాయిని పంపమంటే అల్లుడొచ్చాడు

మోకా, మార్చి 2

నెరెయిదా తల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఏప్రిల్ ఇరవైన నాకు కంటి ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలింది ఇదొక్కటే. డాక్టరు "అంతా దైవాధీనం" అన్నాడు. డాక్టరే ఆ మాటంటే ఇక మనమేమనాలి? కత్తి పెట్టేలోపు నీ మొహం ఒక్కసారి చూడాలే. ఆరేళ్ళయింది. వెంటనే బయలుదేరు.

నీ తల్లి
యుఫేమియా

తా.క. ఫోన్ చెయ్యకు. ఫోన్లో మనిద్దరం ఏడవడం తప్ప చేసేదేం లేదు.

బ్రాంక్స్, మార్చి 15

అమ్మా, ఆశీర్వదించు.

ఎలా రానమ్మా? నా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా ఆఫీసులోనే ఉంది. అనుమతి కాగితం లేకుండా దేశం దాటితే దరఖాస్తు నేనే వదులుకున్నట్టట. ఆ కాగితానికీ దరఖాస్తు పెట్టాను. ఎప్పుడొస్తుందని అడిగితే, అలా అడగడానికి వేరే ఫారం ఉందన్నారు. నీ అల్లుడు వెర్నన్ ఇక్కడ పుట్టినవాడు, అతన్నెవరూ ఆపరు. నా బదులు అతన్ని పంపుతున్నాను.

నీ నెరెయిదా

తా.క. అతనికి స్పానిష్ రాదు. ఏమడిగినా "సీ" అంటాడు, అంటే అవునని. మర్యాదకి.

మోకా, మార్చి 28

తల్లీ, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ మొగుణ్ణి కూడా, తప్పదుగా.

అమ్మాయిని పంపమంటే ఈ తాటిచెట్టుని పంపావేమిటే? తిని లేచి గిన్నెలు తోమాడు! చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. పెళ్ళాం లేకుండా అత్తారింటికొచ్చి గిన్నెలు తోముతున్నాడంటే ఏదో వెధవపని చేసుంటాడని పక్కింటి తొమాసీనా తేల్చేసి, ఫాదర్‌ని పిలుచుకొచ్చింది.

"నాయనా, భార్యను వదిలేశావా?"

"సీ."

"ఇంకో ఆడదుందా?"

"సీ, సీ."

"ఇద్దరున్నారా?"

నవ్వుతూ "సీ!"

ఫాదర్ మంచినీళ్ళు అడిగాడు. నువ్వు రాసింది గుర్తుందిలే. అయినా ఆ మూడోసారి అంత సంతోషంగా ఎందుకన్నాడే, సిగ్గులేని సన్నాసి?

నీ తల్లి

తా.క. కారుతున్న ఇంటికప్పు బాగుచేశాడు. అయితే ఏమిటంట?

బ్రాంక్స్, ఏప్రిల్ 5

అమ్మా, ఆశీర్వదించు, అర్జెంటుగా.

ఈ ఉత్తరం మోకా వస్తున్న మనిషి చేత పంపుతున్నాను. ఇంటర్వ్యూ పద్నాలుగున. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చోవాలి. కార్డు కోసం దొంగపెళ్ళి చేసుకున్నామేమోనని వాళ్ళ అనుమానం. తొమాసీనా పుణ్యమా అని ఇక్కడ బ్యూటీపార్లర్‌లో మనవాళ్ళంతా మొగుడొదిలేశాడని నన్ను ఓదారుస్తున్నారు. అతను లేకపోతే కార్డు లేదు, నేను రావడమూ లేదు. వెంటనే పంపు.

నీ నెరెయిదా

తా.క. ఆ ఇద్దరూ ఎవరో అడిగావా?

మోకా, ఏప్రిల్ 9

తల్లీ, దేవుడు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

వెళ్ళనంటున్నాడే! నాలుగు గంటలకోసారి నా కంట్లో మందెవరు వేస్తారని సైగలు. బస్సెక్కిస్తే తర్వాతి మలుపులో దిగి నడిచొచ్చేశాడు. మొండిఘటం! రేపు నేనూ, ఫాదరూ, తొమాసీనా కలిసి విమానం దాకా లాక్కెళతాం. ఈ ఉత్తరం అతని జేబులోనే పెడుతున్నాను.

నీ తల్లి

తా.క. వెళ్ళాలనేసరికి ఏడ్చాడే పిచ్చివెధవ. నేను ఏడవలేదు, కంట్లో మందు.

బ్రాంక్స్, ఏప్రిల్ 15

అమ్మా, ఆశీర్వదించు.

ఆఫీసరమ్మకి స్పానిష్ వచ్చు. ఆ పుకారు ఆవిడ చెవిన కూడా పడింది. "మీరు విడిగా ఉంటున్నారటగా?" అంది. పెళ్ళి ఫొటోలు, ఇంటి కాగితాలు ఏవీ ఆవిడ కంటికి ఆనలేదు. ఇక గతిలేక నీ ఉత్తరాలు బల్లమీద పెట్టాను. అన్నీ చదివింది. చదివి, "ఆ ఇద్దరూ ఎవరు?" అని వెర్నన్‌ని స్పానిష్‌లో అడిగింది.

"సీ" అన్నాడమ్మా! నా పై ప్రాణం పైనే పోయింది.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, పక్క గదుల వాళ్ళని కూడా పిలిచి వినిపించింది. "దొంగ అల్లుణ్ణయితే ఏ అత్తా ఇంత మనసు పెట్టి తిట్టదమ్మా" అంటూ నా పాస్‌పోర్టు మీద ముద్ర వేసింది. పద్దెనిమిదిన ఇద్దరం వస్తున్నాం.

నీ నెరెయిదా

తా.క. నీ ఉత్తరాలు సాక్ష్యమని ఫైల్లో ఉంచేసుకున్నారు. ఉంచుకోనీ. మిగతా తిట్లు నీ ఎదురుగా కూర్చుని తింటాను.