కాస్తంత వదులు

ప్రియమైన తాతయ్యకి,

నువ్వు పట్టకారుతో స్టేషన్లు తిప్పుకునే రేడియోకి నాబ్ చేసి పంపుతానని గొప్పలు చెప్పి వచ్చాను కదా. అది తయారైంది, విరిగింది కూడా.

ఇక్కడ కాలేజీలో మాకు వస్తువుల నమూనాలు కంప్యూటర్లో గీసే క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నారు. తెర మీద గీసిన గీత మొదట నీలంగా ఉంటుంది, పట్టి లాగితే ఎటైనా వస్తుంది. పొడవెంత, ఎక్కడ మొదలవ్వాలి, ఎటు వంగాలి అన్నీ చెప్పాక నల్లబడి కుదురుగా నిలబడుతుంది. నాకైతే మాటా మాటా చేర్చి వాక్యం నిలబెట్టినట్టే అనిపించింది. ఒక్కో కమాండుకీ ‘సాగదీత’, ‘తొలిచివేత’ అని పేర్లు పెట్టుకున్నాను. అది చూసి పక్క బెంచీవాళ్లు నాకు ‘కవిగారు’ అని పేరు పెట్టారు. వాళ్లందరికీ ఇదంతా స్కూల్లోనే వచ్చేసింది. నాకు మౌస్ పట్టుకోవడమే కొత్త.

నీ రేడియోకి నాబ్ తొడిగే కడ్డీ, ఆ ఒక పక్క చదునుగా ఉండేది, ఆరు మిల్లీమీటర్ల మందం. నాబ్‌కి కూడా అదే ఆకారంలో సరిగ్గా ఆరు మిల్లీమీటర్ల కన్నం పెట్టాను. తెర మీద ఎంత ముచ్చటగా అమరిందో! త్రీడీ ప్రింటర్‌లో తయారయ్యాక, ల్యాబ్‌లో ఉన్న అలాంటి కడ్డీకే తొడగబోతే ఎక్కలేదు. బలంగా నొక్కాను. టప్పున చీలింది.

“కవిగారూ, నాబ్ కూడా ఊహేనా?” అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. సార్ కూడా.

ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు తాతయ్యా. ఇంజనీరింగ్ మానేసి భాష చదువుకుంటాను. సోమవారం సార్‌కి చెప్పేస్తాను.

నీ పిచ్చిక


బంగారు తాతయ్యా,

మానేయడం లేదు! ముందు ఇది చదివి ఊపిరి పీల్చుకో.

సోమవారం సార్ గది దాకా వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తోచక గుమ్మం బయట నిలబడి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను. మూత పెన్ను మీద కొంచెం కదులుతోంది. ఆ కాస్త సందు ఉంది కాబట్టే ఎక్కుతోంది! నేను నాబ్‌కి ఆ సందే ఇవ్వలేదు. తెర మీద గీతకి గీత ఆనినా ఒరుసుకోదు. ప్లాస్టిక్ ఒరుసుకుంటుంది.

ఒక్క పరుగున ల్యాబ్‌కి వెళ్లి, ఆరు ఉన్నచోట ఆరు పాయింట్ మూడు అని కొట్టాను. ఆ ఒక్క అంకె మారగానే చుట్టూ ఉన్న గోడ, అంచు అన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. అరిచేశాను తాతయ్యా!

ప్రింటర్ నుంచి తీసిన నాబ్ ఇంకా వెచ్చగానే ఉంది. కడ్డీకి పెట్టి వేలితో తోశాను. చక్కగా వెళ్లి కూర్చుంది. నన్ను ఏడిపించినవాడే వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నాదీ పట్టట్లేదు. ఎంత వదులు పెట్టావు?” అన్నాడు గొంతు తగ్గించి.

“కవిగారూ అని అడుగు, చెప్తా.”

అడిగాడు!

నాబ్ ఈ కవర్లోనే ఉంది. పట్టకారు ఇక అవతల పడెయ్.

నీ పిచ్చిక, కాబోయే ఇంజనీరు


ఒసేయ్ పిచ్చికా,

ఎక్కింది. తిరిగింది. పొద్దున్నుంచి ఒక్క స్టేషన్ వదల్లేదు. పట్టకారు మీ నాయనమ్మ ఎక్కడో పడేసింది. సౌండు తగ్గించే నాబ్ కూడా ఎప్పుడో ఊడిపోయిందని ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చింది. అది వెంటనే చేసి పంపాలట. నువ్వు మాత్రం తొందరపడకు తల్లీ, నిదానంగా చదువుకో.

మీ తాతయ్య