దీపాల వేళ టీవీ అడిగిన మాట

ఎమ్మిగనూరు

ఆదోనిలో టీవీల అంగడి పెట్టుకున్న మా తమ్ముడు శ్రీనివాసులుకు అక్క హనుమంతమ్మ దీవెనలు.

మా టీవీ కాలిపోయింది. కొత్తది పంపు, నెట్టు లేనిది పంపు. మీ బావ పొద్దస్తమానం ఫోనులోనే ఉంటాడు. సాయంత్రం వార్తలప్పుడు మాత్రం నా పక్కన కూర్చునేవాడు. టీవీలోకీ ఆ నెట్టే వస్తే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండడు. దిగులుగా ఉంది శీనా.

మీ అక్క

తా.క.: ఫోను చేద్దామంటే అది ఆయన చేతిలోంచి రాదు. అందుకే ఉత్తరం.

ఆదోని

అక్కకు నమస్కారాలు.

ఇప్పుడొచ్చేవన్నీ నెట్టువే అక్కా. అయినా మనం నెట్టు ఇవ్వకపోతే అదీ మామూలు టీవీయే. కేబుల్ పెట్టించుకో, చాలు. వేసినప్పుడల్లా "నెట్టు కలపమంటారా?" అని అడుగుతుంది. "వద్దు" నొక్కు.

నీ తమ్ముడు

తా.క.: బావ అడిగినా అదే నొక్కు.

ఎమ్మిగనూరు

చిరంజీవి శీనుకు.

టీవీ చేరింది, బొమ్మ బాగుంది. కానీ నేను దీపం పెట్టి వచ్చి టీవీ వేస్తాను. సరిగ్గా అప్పుడే అడుగుతుంది. ఆ వేళ ఇంట్లో వద్దు, లేదు అనకూడదని అమ్మ నీకు నేర్పలేదా? ఉప్పు అయిపోయినా నిండుకుందనే అంటాం. "నిండుకుంది" అనే మీట నీ టీవీలో లేదు. అందుకని "సరే" నొక్కాను. నెట్టు ఏదంది. మీ బావ "ఇట్ల తే, నేను కలుపుతా" అని తన ఫోనులోని నెట్టు దానికిచ్చినాడు.

మీ అక్క

తా.క.: శుక్రవారమైతే రెండుసార్లు "సరే" నొక్కాను.

ఆదోని

అక్కా,

కొంప ముంచావు. ఇక అది మీరేం చూస్తున్నారో కనిపెడుతుంది, ప్రకటనలు గుప్పిస్తుంది. బావ చూసే వీడియోలన్నీ గోడంత చేసి చూపిస్తుంది. గురువారం బండి పంపుతాను, ఇచ్చేయి. పాత రకం ఒకటి వెతికి పెట్టాను. అందాకా టీవీ వేసి, "వద్దు" నొక్కాకే దీపం పెట్టు.

శీను

తా.క.: దేవుడేమీ అనుకోడు, నాదీ పూచీ.

ఎమ్మిగనూరు

శీనూ,

బండి వద్దు. పొద్దున రాస్తున్నాను కాబట్టి వద్దనొచ్చు.

ఆ టీవీ ఏవేవో తనంతట తానే తెచ్చుకుని, అరగంటలో మీ బావ ఫోనులోని నెట్టంతా తినేస్తోంది. ఆ తర్వాత ఆయనకు ఫోనులో చక్రం తిరగడమే కనిపిస్తుంది. నిన్న దాన్ని గూట్లో పడేసి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఏమే, శెనగలు ఏయించినావా?" అన్నాడు. అక్కడ మొదలై చేను సంగతులు, మా పెళ్లినాటి సంగతులు. కేబుల్లో వార్తలు వచ్చి పోయాయి, మేం చూడలేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మీ అక్క

తా.క.: పెద్ద నెట్టు ప్యాకు వేయించుకుంటానంటున్నాడు. దీనికన్నా ఎక్కువ తినే టీవీ ఉంటే, అప్పుడు బండి పంపు.